బందరంటే కోతి కాదు బ్రో!

హైదరాబాద్‌లో హాస్టల్లో చేరిన మొదటి రోజు. ‘ఏ ఊరు?’ అన్నాడు హిందీ రూమ్మేట్. ‘బందర్’ అన్నాను. పడీపడీ నవ్వాడు. హిందీలో బందర్ అంటే కోతి కదా! ఇక నెలంతా నన్ను అలాగే పిలిచారు. ఆ తర్వాత ఎవరడిగినా బుద్ధిగా ‘మచిలీపట్నం’ అనేవాణ్ని. అమ్మమ్మకి తెలిస్తే తిట్టేది. ఆమె నోట ఆ పేరు ఎప్పుడూ వినలేదు నేను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. మా బందరు పారసీక మాట. అర్థం ఓడరేవు. హిందీ, ఉర్దూల్లో రేవుని ‘బందర్‌గాహ్’ అంటారు చూడండి, అదే ఇది. గోల్కొండ కుతుబ్‌షాహీలకు మా ఊరే పెద్ద రేవు. ఇరాన్ వర్తకులు ఇక్కడ దిగేవారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిష్‌వాళ్లు వచ్చి కొట్లు పెట్టారు. అద్దకం బట్టలు ఓడలకెక్కేవి. సముద్రం మీద వచ్చేవాడికి ఊరి పేరుతో పనేముంది? రేవు అంటే చాలు.

మరి మచిలీ? ఇక్కడే తికమక. మచిలీ అంటే చేప. ఊరి ద్వారానికి తిమింగలం కళ్లు అలంకరించారని అమ్మమ్మ చెప్పే కథ. వినడానికి బాగుంటుంది గానీ నాకు నమ్మకం తక్కువ. ఎందుకంటే దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి ‘పెరిప్లస్’ అనే గ్రీకు నావికుల పుస్తకంలో ఈ తీరం పేరు ‘మసాలియా’. (బిర్యానీలోది కాదు!) నూలు బట్టలకు పేరున్న చోటని రాశారు. 2వ శతాబ్దంలో టాలమీ ‘మైసోలియా’ అన్నాడు. ఆ మసాలియాకి చేప తగులుకుని మచిలీ అయిందేమోనని నా అనుమానం. ఇంగ్లిష్‌వాళ్లు ‘మసులిపటం’ అని రాసుకున్నారు. 1859లో కృష్ణా జిల్లా ఏర్పడేదాకా జిల్లా పేరూ అదే.

1864 నవంబర్ 1 రాత్రి తుపాను ఊరిని ముంచేసింది. సుమారు 30 వేల మంది పోయారు. మద్రాసు ముందు అప్పటికే తగ్గిపోయిన రేవు ఇక కోలుకోలేదు. అర్థం పోయింది, పేరు మిగిలింది.

ఎంత గట్టిగా మిగిలిందంటే, బెజవాడలో బోర్డు మీద మహాత్మాగాంధీ రోడ్డు అని ఉన్నా, ఆటో ఎక్కి ‘బందరు రోడ్డు’ అనే అంటాం. మచిలీపట్నం లడ్డూ అని ఎవరైనా అనగా విన్నారా? 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. ‘బందరు పోర్టు’ అంటున్నారు అందరూ. అంటే ‘రేవు రేవు’ అన్నమాట! నాకైతే తప్పుగా అనిపించలేదు. నూటయాభై ఏళ్లకు పైగా ఎదురుచూసిన ఊరు రెండుసార్లు అనుకుంటే పోయేదేముంది?

మొన్న ఆ రూమ్మేట్ ఫోన్ చేసి తొక్కుడు లడ్డూ పంపమన్నాడు. కిలో డబ్బా పంపాను. ‘ఫ్రమ్’ దగ్గర పెద్ద అక్షరాలతో ‘బందరు’ అనే రాశాను.