చిత్రకారుని తొలి గోడ

బొమ్మ గీయనేర్చిన పిల్లవాడు లేని ఊరు లేదు. కోరుట్ల వంటి పట్టణములో అట్టి పిల్లవానిని ఊరంతయు ఎరుగును. బడిలో పటములకు రంగులద్దువాడు అతడే. అంగళ్లకు పేరుపలకలు వ్రాయువాడు అతడే. వినాయక చవితి పందిటికి తెరలు చిత్రించువాడును అతడే. ఊరి గోడలే అతని తొలి ప్రదర్శనశాల. అచ్చట ప్రవేశ రుసుము లేదు, విమర్శకుడు లేడు. దారిన పోవువాడు ఒక క్షణము నిలిచి చూచెనా, అదియే మెప్పు. నిలువక సాగిపోయెనా, అదియే తీర్పు.

ఆ పిల్లవాడే హైదరాబాదు చేరి, లలితకళల కళాశాలలో చదువు ముగించి, తన పటములను ఒక శాలలో వ్రేలాడదీయ తలపెట్టిననాడు కథ మారిపోవును. ప్రదర్శనమునకు ముందు నెల దినములు అతడు చిత్రకారుడు కాడు, పద్దులు వ్రాయు గుమాస్తా. పటములకు చట్రములు కట్టించవలెను, అద్దములు వేయించవలెను. శాలకు అద్దె, ఆహ్వాన పత్రములకు అచ్చుకూలి, పటములు మోయు బండికి కిరాయి. ఒంటరిగా ఈ భారము మోయలేనివారు నలుగురైదుగురు కూడి గోడలను పంచుకొందురు.

అన్నిటికంటె కఠినమైన పని వెల నిర్ణయించుట. తన శ్రమకు తానే వెల కట్టుకొనుమను పరీక్షను ఏ కళాశాలయు పెట్టదు. హెచ్చుగా వ్రాసిన అహంకారమందురు. తగ్గించి వ్రాసిన విద్యార్థి పని యని పెదవి విరుతురు. చూడవచ్చినవారు మెచ్చుకొని, అభిప్రాయముల పుస్తకములో నాలుగు వాక్యములు వ్రాసి వెడలిపోదురు. చివరి దినమున పటములు దింపునప్పుడు వానిలో చాలవరకు వచ్చిన బండిలోనే తిరిగి పోవును. ఇంటివద్ద తండ్రి అడుగు ప్రశ్న ఒక్కటే: ‘‘ఎన్ని పోయినవి బిడ్డా?’’

ఈ ప్రశ్న పూర్వపు చిత్రకారునికి ఎదురు కాలేదు. చేర్యాల నకాషీలు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, దానిపై పురాణ కథలను వరుస బొమ్మలుగా వ్రాసెడివారు. ఆ పటమును చుట్టగా చుట్టి, కథకులు ఊరూర విప్పి పాడెడివారు. పద్మశాలీలకు వారి మార్కండేయ పురాణమును కూనపులివారు ఇట్లే పటము చూపి వినిపించిరి. సాలెమగ్గముల సీమయైన సిరిసిల్ల ప్రాంతమునకు ఈ మాట క్రొత్త కాదు. అచ్చట పటము వ్రాయకముందే చూచువారున్నారు. చూచువారికి కథ ముందే తెలిసియున్నది. కథకునికి ముట్టవలసినది ఆచారము చేతనే ముట్టుచున్నది. నేటి విద్యార్థికి రంగులున్నవి, గోడయు దొరకును. చూచువారిని మాత్రము అతడే వెదకుకొనవలెను. అతని అసలు కష్టమిది.

ఈ వెదకులాటలో మన సీమ నుండి ముందు నడచినవారిద్దరిని తలచుకొనుట ఉచితము. పాకాల తిరుమలరెడ్డి గారు 1915లో కరీంనగరు జిల్లా అన్నవరమున జన్మించిరి. లోకము వారిని పి.టి.రెడ్డి యని ఎరుగును. వారు బొంబాయి సర్ జె.జె. కళాశాలలో చదివిన కాలమున అచ్చటి అధ్యక్షుడు చార్లెస్ జెరార్డు. ఆయన విద్యార్థుల దృష్టిని ఐరోపాలోని నవీన చిత్రకళ వైపు త్రిప్పెను. ఆ ప్రోత్సాహముతో రెడ్డిగారు, భోప్లే, మజీదు, కులకర్ణి, బాప్తిస్తా అను యువకులతో కూడి, 1941లో ‘బాంబే కాంటెంపరరీ ఇండియన్ ఆర్టిస్ట్స్’ అను పేర ప్రదర్శనము జరిపిరి. లోకులు వారిని ‘యంగ్ టర్కులు’ అనిరి. ప్రసిద్ధి కెక్కిన ప్రోగ్రెసివ్ చిత్రకారుల కూటమి 1947లో గాని పుట్టలేదు. దానికి ఆరేండ్లు ముందే బాట వేసినవారిలో ఒక తెలుగు పల్లెవాసి యుండుట గర్వింపదగినది.

అయినను పేరు వచ్చినంత మాత్రమున కూడు రాదు. అనంతరము రెడ్డిగారు కొన్నేండ్లు కొయ్యసామాను వ్యాపారమున గడపిరి. ఆ యేండ్లను వ్యర్థమనువారు కలరు. నా కట్లు తోచదు. మరల కుంచె పట్టినవారు 1996లో కన్నుమూయువరకు దానిని విడువలేదు. తొలి ప్రదర్శనమునకు రావలసిన ప్రతిఫలము కొందరికి ఇరువదేండ్లకు గాని చేరదు. ఆలోపల బ్రతుకుటయు కళాభ్యాసములో ఒక భాగమే.

రెండవవారు తోట వైకుంఠం గారు. 1942లో అదే జిల్లా బూరుగుపల్లిలో జన్మించి, హైదరాబాదులో చిత్రకళ చదివి, 1970 దశకపు తొలియేండ్లలో బరోడా చేరి కె.జి.సుబ్రహ్మణ్యన్ వద్ద శిష్యరికము చేసిరి. ఇల్లు విడిచి అంత దూరమేగిన విద్యార్థికి అచ్చట దొరకిన పాఠము విచిత్రమైనది: చూడవలసినది తన చుట్టునే కలదని. తిరిగివచ్చి పిల్లలకు బొమ్మలు నేర్పుచు జీవించిన దినములలో వారు మరల తన పల్లె వంక చూచిరి. నుదుట పెద్ద బొట్టు, పసుపు పూసిన మోము, ముదురు రంగు చీర, చేతిపై చిలుక: ఆ తెలంగాణ స్త్రీ ఈనాడు దేశదేశముల గోడలపై నిలిచియున్నది. చిన్ననాడు ఊరికి వచ్చిన నాటకములలో స్త్రీ వేషము కట్టిన పురుషుల అలంకారమును అబ్బురముతో చూచిన కన్నులే వాని వెనుక నున్నవి. 1988 నాటి ‘దాసి’ చిత్రమునకు వారు నెరపిన కళాదర్శకత్వమునకు జాతీయ పురస్కారము లభించినది. అదియు ఈ సీమ గడీల జీవితమును ఎరిగిన దృష్టికి దక్కిన గౌరవమే.

ఈ రెండు జీవితములు నేటి విద్యార్థికి చెప్పు మాట యేమి? తొలి ప్రదర్శనమున పటము అమ్ముడుపోవుట పెద్ద సంగతి కాదు. తన పటమును పరుల నడుమ నిలిచి తానే చూచుకొనుట పెద్ద సంగతి. ఏది గురువు చేతినుండి వచ్చినదో, ఏది నగరవాసుల మెప్పునకై చేర్చినదో, ఏది తన కంటితో చూచినదో ఆ గోడ యెదుట బయటపడును. మూడవది ఒక్క పటములో నున్నను ఆ ప్రదర్శనము సఫలమే.

ఇక చూచువారమైన మన వంతు కలదు. పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గము 2017లో పూర్తియైనది. కోరుట్ల వాసికి దూరప్రయాణము మునుపటికంటె సులభమైనది. పటములు ఊరు దాటి పోవు దారి యేర్పడినది గాని, అవి ఊరికి తిరిగివచ్చునప్పుడు వానికి స్థలమేది? బడిలో ఒక గది, గ్రంథాలయములో ఒక గోడ, పెండ్లిండ్లు లేని మాసమున ఒక కల్యాణ మండపము: ఇంతకు మించి అక్కరలేదు. నాడు పేరుపలకలు వ్రాసిన పిల్లవాని పటములను ఊరు వచ్చి చూచుగాక. కొనలేకున్నను, అందులో తమ వీధిని గుర్తించి ‘‘ఇది మనదే’’ అన్నవాడొక్కడున్న చాలును. ఆనాడు తండ్రి తన ప్రశ్న మరచి, ఎందరు చూచిరని అడుగును.