గేదె ఈతకీ ఈతకీ మధ్య ఎడం ఎందుకు పెరుగుతుంది?

"మా గేదె ఈని ఎనిమిది నెలలైందండీ, ఇంకా చూడి కట్టలేదు" అని చాలామంది అడుగుతున్నారు. పాడిలో లాభమో నష్టమో తేలేది ఇక్కడే. పాలు తగ్గినా మేత ఖర్చు ఆగదు కదా!

ముందు లెక్క చూద్దాం. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. అది మనం మార్చలేం. మన చేతిలో ఉన్నదల్లా ఈనిన రోజు నుంచి మళ్లీ కట్టే రోజు దాకా ఉన్న ఎడమే. 90 రోజుల్లో కడితే సుమారు 13 నెలలకి ఈనుతుంది. ఎనిమిది నెలలకి కడితే 18 నెలలు పడుతుంది.

ఈ ఎడం నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

మొదటిది గర్భసంచి. ఈనాక అది మామూలు స్థితికి రావడానికి సుమారు 40 రోజులు పడుతుంది. మాయ నిలిచిపోయినా, చీము పట్టినా ఇంకా ఆలస్యమే. మాయ 12 గంటల్లో పడకపోతే లాగొద్దు, బరువులు కట్టొద్దు. పశువైద్యుణ్ణి పిలవండి.

రెండోది ఒంట్లో సత్తువ. ఈనిన కొత్తలో పాలకి పోయే శక్తి, తిన్న మేత ఇచ్చేదానికంటే ఎక్కువ. అందుకే గేదె చిక్కిపోతుంది, ఎద వెనక్కి పోతుంది. నేను చూడి చివరి రెండు నెలలు పాలు తీయను. పచ్చగడ్డితో పాటు అలసంద, తవుడు, గానుగ చెక్క, ఖనిజ లవణ మిశ్రమం పెడతాను.

మూడోది దూడ. దూడ పొదుగు చీకుతున్నంతసేపూ తల్లి శరీరం ఎదని వాయిదా వేస్తుంది. జున్నుపాలు కడుపునిండా తాగించాలి. ఆ తర్వాత పాలు పితికే పూటల్లోనే దూడని వదిలితే చాలు.

నాలుగోది ఎండ. గేదెకి నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ. అందుకే వేసవిలో మూగ ఎద వస్తుంది, అరుపు కూడా ఉండదు. నీడ, నీళ్లు తప్పనిసరి. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఒకసారి పాకలోకి వెళ్లి చూడండి. తీగలు వేయడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం గుర్తులు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది వేయించండి.

ఒక్క ఎద తప్పితే 21 రోజుల మేత వృథా. నేను ఈనిన తేదీ, ఎద తేదీ పాక గోడ మీద బొగ్గుతో రాస్తాను. 60 రోజులు దాటినా ఎద కనిపించకపోతే డాక్టరుకి చూపిస్తాను. మీరూ ఇవాళే ఒక తేదీ రాయడం మొదలుపెట్టండి. ఎద తీగలు ఎలా ఉంటాయో వీడియోలో చూపించాను, చూడండి.