వైద్యశాలలు మాటాడుకొను భాష

కడప ప్రాంతమున దీర్ఘరోగికి ఒక్క వైద్యశాలతో పని తీరుట అరుదు. తొలుత ఊరి ఆరోగ్య కేంద్రము, పిదప కడప సర్వజన వైద్యశాల, వ్యాధి ముదిరినచో తిరుపతి స్విమ్స్ లేదా వేలూరు సి.ఎం.సి. ఎచ్చటికి పోయినను చంకలో ఒక సంచి, అందులో చీటీలు, ఎక్స్‌రే పటములు. ఆ సంచి బస్సులో మరచినచో పరీక్షలన్నియు మొదటినుండియే.

ఇప్పుడు పెక్కు వైద్యశాలలలో రోగి వివరములు కంప్యూటరులోనే యున్నవి గదా, ఇంక సంచి యెందుకని శ్రోతలు అడుగవచ్చును. ఒక్కొక్క వైద్యశాల ఒక్కొక్క సంస్థ సాఫ్ట్‌వేరును వాడును. ఒకదానిలో వ్రాసినది వేరొకదానికి చదువ రాదు. తంతి వేసి రెండింటిని కలిపినంత మాత్రమున ఈ చిక్కు తీరదు. అవి ఒకే రోగిని గురించి, ఒకే అర్థముతో మాటాడవలెను.

మొదట రోగి యెవరో తెలియవలెను. 'లక్ష్మి' యను పేరును ఆంగ్లాక్షరములలో ఒక గుమాస్తా 'ఎక్స్'తోను, మరియొకరు 'కె.ఎస్.హెచ్.'తోను వ్రాయుదురు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. కంప్యూటరునకు వీరిద్దరు వేరు మనుష్యులు. ఇందుకే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వారు 'ఆభా' యను 14 అంకెల సంఖ్య నిచ్చుచున్నారు. ఈ పథకము 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతములలో ప్రయోగముగా మొదలై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికి విస్తరించినది. ఈ సంఖ్య తీసికొనుట నిర్బంధము కాదు.

మనిషి దొరకిన పిదప మాట యొక్క అర్థము దొరకవలెను. కష్టమంతయు ఇచ్చటనే యున్నది. మన ప్రాంతమునుండి కువైటునకు పోయి పని చేయువారు వేలమంది. అట్టివారొకరు సెలవుపై వచ్చి, అచ్చటి రక్తపరీక్ష నివేదిక చూపినారనుకొందము. చక్కెర '7' అని యున్నది. అది లీటరునకు మిల్లీమోలుల లెక్క. మన ప్రయోగశాలలు డెసిలీటరునకు మిల్లీగ్రాముల లెక్క వ్రాయును. ఆ లెక్కలో అదియే 126. పరగడుపున తీసిన రక్తమున అంత యున్నచో మధుమేహమునకు గుర్తు. కొలమానము రాక అంకె మాత్రమే వచ్చినచో, మూడు నెలల సగటును శాతములలో తెలుపు వేరొక పరీక్షయందలి 7గా పొరబడుటకును వీలున్నది. వైద్యుడు సందేహించి అడుగును, యంత్రము అడుగదు.

కావున ప్రతి పరీక్షకు 'లోయింక్', ప్రతి రోగమునకు 'స్నోమెడ్' సంకేతములు ఏర్పడినవి. గుండెపోటని ఒకరు, మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్ అని మరొకరు అనినను స్నోమెడ్‌లో 22298006 ఒక్కటే. ఆ సంకేతములను నిర్వహించు అంతర్జాతీయ సంస్థలో భారతము 2014లో చేరినది. ఈ సంకేతములను, కొలమానములను ఒక క్రమమున అమర్చి పంపు నమూనాకు 'ఫైర్' అని పేరు. అగ్నితో దీనికి సంబంధము లేదు.

వివరములు ఢిల్లీలో ఒకచోట పోగుపడవు. ఏ వైద్యశాల వ్రాసినది ఆ వైద్యశాల అధీనముననే యుండును. వేరొక వైద్యుడు కోరినపుడు, ఏ కాలపు నివేదికలు, దేనికొరకు, ఎన్నాళ్లవరకు అను ప్రశ్న రోగి ఫోనునకు వచ్చును. రోగి ఒప్పినచో అవి పోవును. ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చును. ఏర్పాటు మంచిదే. కాని మన యిండ్లలో ఫోను భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో యుండుట కద్దు. క్షయ సోకినదని ఇంట చెప్పుకొనలేని కోడలి సమ్మతిని నొక్కు వ్రేలు ఎవరిది? ఈ ప్రశ్నకు సాఫ్ట్‌వేరులో సమాధానము మాకు కనబడలేదు.

మరియొకటి. పాత చీటీని ఫొటో తీసి ఎక్కించినచో అది వైద్యుని కంటికి చేరును గాని, సంకేతముగా మారదు. 'పెన్సిలిన్ పడదు' అని అందులో నున్నను, ఆ మందు వ్రాయునపుడు కంప్యూటరు హెచ్చరించునని నమ్మరాదు. అట్టి చీటీ కలవారు దానిని సంచిలో పైననే యుంచుకొని, వైద్యునికి ముందుగా నోటితో చెప్పవలెను.