వల ఉయ్యాలకు గట్టి రాటలు

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. జగదల్‌పుర్‌లో రథం పని మొదలుపెట్టే ముందు ‘డేరీ గడాయీ’ అనే తంతు జరుగుతుంది. బిరింగ్‌పాల్ గ్రామస్థులు తెచ్చిన రెండు సాల కొయ్యలను సిరహాసార్ భవనంలో పాతుతారు. ఆ గుంటల్లో ముందుగా గుడ్లు, చేపలు వేస్తారు. మన పెళ్లిళ్లలో పందిరి రాట వేసినట్టే ఇదీ. పెద్ద పని ఏదైనా రాటతోనే మొదలవుతుంది. పెరట్లో వల ఉయ్యాల కట్టుకునేవాళ్లు మాత్రం ముందు వల కొంటారు, రాట సంగతి చివర్లో ఆలోచిస్తారు.

మా ప్రాంతంలో సిబ్బంది ఇళ్లకు పెరడు తరచుగా ఉంటుంది కానీ, సరైన దూరంలో రెండు చెట్లు దొరకడం అరుదు. సెలవులకు పిల్లలు, మనవలు వచ్చేలోగా రాటలు పాతుకోవాలనుకునేవారి కోసం ఈ వివరాలు.

బరువు ఎటు లాగుతుంది?

అట్లతద్దె ఉయ్యాల కొమ్మను కిందికి లాగుతుంది. వల ఉయ్యాల రెండు రాటలనూ లోపలి వైపుకు లాగుతుంది. 60 కిలోల మనిషి పడుకున్నప్పుడు తాడు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో తాడు మీద పడే లాగుడు సుమారు 60 కిలోలు. తాడును బిగించి 10 డిగ్రీల వాలుకు తెస్తే, అదే మనిషికి లాగుడు 170 కిలోలు దాటుతుంది. అంటే బిగించి కట్టేకొద్దీ రాటకు ప్రమాదం ఎక్కువ. వల నడుమ బాగా వంగి ఉండాలి.

ఈ పక్క లాగుడు వల్లనే ఇటుక స్తంభానికి, ప్రహరీ గోడకు, గేటు దిమ్మెకు వల ఉయ్యాల ఎప్పుడూ కట్టకూడదు. ఇటుక కట్టడం పై నుంచి పడే బరువును మోస్తుంది కానీ పక్కకు లాగితే విరుగుతుంది. విరిగిన స్తంభం నేరుగా పడుకున్నవారి మీదే పడుతుంది. ఇలా పిల్లలు ప్రాణాలు కోల్పోయిన ఘటనలు వేరే దేశాల్లో ఉన్నాయి.

కొలతలు

రాట పొడవు 9 అడుగులు ఉండాలి. అందులో 3 అడుగులు భూమిలోకి, 6 అడుగులు పైకి. రాటల మధ్య ఎడం 12 అడుగులు, కొక్కెం ఎత్తు ఐదున్నర అడుగులు. మనిషి కూర్చున్నాక వల నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటే చాలు.

కర్ర అయితే 6 అంగుళాల మందం గల సాల దుంగ, ఇనుము అయితే 3 అంగుళాల హెవీ జీఐ పైపు తీసుకోండి. సాల దుంగ అటవీ శాఖ డిపోలోనో, లైసెన్సు ఉన్న టింబర్ డిపోలోనో కొని రసీదు దాచుకోండి. అడవిలో నరికిన కర్ర చవకగా వస్తుందని ఎవరైనా చెప్పినా ఒప్పుకోవద్దు.

పాతే పద్ధతి

గుంట వెడల్పు ఒకటిన్నర అడుగు. అడుగున అర అడుగు కంకర పరవాలి కాబట్టి మూడున్నర అడుగుల లోతు తవ్వాలి. కర్ర భూమిలో ఉండే భాగానికి, నేలకు పైన మరో అర అడుగు వరకు తారు పూయండి. చెద, కుళ్లు మొదలయ్యేది సరిగ్గా నేల మట్టం దగ్గరే. రాటను బయటి వైపుకు ఒకింత వాల్చి నిలబెట్టి, 1:2:4 కాంక్రీటు పోయండి. పైభాగం నేల కంటే రెండు అంగుళాలు ఎత్తుగా, చుట్టూ వాలుగా ఉంటే వాన నీరు రాట మొదట్లో నిలవదు. కనీసం వారం రోజులు తడుపుతూ ఉంచి, మరో వారం ఆగండి.

కొక్కేన్ని మేకులా దిగ్గొట్టకండి. రాటకు ఆరపార రంధ్రం చేసి బోల్టు, వాషరు, నట్టు వేయండి.

వాడే ముందు

మొదటి రోజు మనిషిని ఎక్కించవద్దు. రెండు 50 కిలోల బియ్యం బస్తాలు వలలో వేసి రాత్రంతా ఉంచండి. ముందూ, తర్వాతా తాపీమేస్త్రీ తూకం గుండుతో రాట నిలువు చూడండి. కదలిక కనబడితే వాడకం ఆపి, మట్టి గట్టిదా అన్నది మేస్త్రీకి చూపించండి. ఇక్కడి వానల్లో నేల బాగా నానుతుంది కనుక, వర్షాకాలం వెళ్లాక ఈ పరీక్ష మళ్లీ చేయాలి. వల తాడు అరిగినా, బోల్టు తుప్పు పట్టినా వెంటనే మార్చాలి.

ఒకసారి ఒక పెద్దవారు, లేదా ఇద్దరు పిల్లలు, అంతే. పసిపిల్లలను వలలో ఒంటరిగా వదలకండి. అద్దె ఇల్లయినా, బ్యాంకు క్వార్టర్సయినా గుంట తవ్వే ముందు అనుమతి తీసుకోండి. బదిలీ మీద మనం వెళ్లిపోయినా, సరిగ్గా పాతిన రాట తర్వాత వచ్చే కుటుంబానికి పనికొస్తుంది.