మా ఇంటి భాషను ఏ గడిలో రాయాలి?

తాండూరు దాటి పడమరకు పోతే కాసేపట్లోనే కర్ణాటక వచ్చేస్తుంది. మా తండా ఆ దారిలోనే ఉంది. మా వదినది అవతలి వైపు, చించోళి తాలూకా. ఆమె, మా అన్న ఇంట్లో మాట్లాడుకునేది గోర్ బోలీ. రెండు ఇళ్లలోనూ మొక్కేది సేవాలాల్ మహారాజ్‌కే. అయినా సర్కారు కాగితాల్లో మా అన్న ఎస్టీ, వదిన ఎస్సీ. అదే లంబాడీ మహారాష్ట్రలో పుడితే విముక్త జాతుల జాబితాలోకి వెళ్తాడు. నేను పంతులమ్మను. జూన్ వచ్చిందంటే బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని ఈ గడులు నింపేది నేనే. కులం గడి దగ్గర తల్లిదండ్రులు తడబడతారు. మాతృభాష గడి దగ్గర ఆలోచించకుండా ‘తెలుగు’ అనేస్తారు. ఆ రెండో గడి గురించే నా బెంగంతా.

ఈ సరిహద్దు మా పెద్దల కాలంలో లేదు. 1956 నవంబరు 1 వరకు తాండూరు, కొడంగల్ తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలో గుల్బర్గా జిల్లాలో ఉండేవి. భాషను బట్టి రాష్ట్రాలు విడదీసినప్పుడు తెలుగు మాట్లాడే ఊళ్లని ఈ రెండు తాలూకాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు, గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. మరి తెలుగూ కన్నడమూ ఇంటి భాష కాని తండాల సంగతి? వాటిని ఎవరూ అడగలేదు. మా నాయనమ్మ గుల్బర్గా జిల్లాలో పుట్టింది, ఆ జిల్లాలోనే మనువాడింది, ఉన్న చోటే ఉండగా ఆమె పుట్టిల్లు వేరే రాష్ట్రం అయిపోయింది. ఆ తర్వాత మా జిల్లా పేరు మారుతూ వచ్చి 2016 అక్టోబరు 11 నుంచి వికారాబాద్ అయింది. తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు ఎస్టీ గుర్తింపు ఇచ్చింది 1976 చట్టం. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలని పిలిచే మా వాళ్లకు అది అంతకుముందే ఉంది.

చాలామంది పాఠకులకు లంబాడీలంటే అద్దాల రవికె, తీజ్ పండగ గుర్తొస్తాయి. అంతకు ముందరి బతుకు వేరు. మా వాళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. ఆ ప్రయాణాన్నే ‘లదేణి’ అంటారు. ఉత్తరాది నుంచి మొఘల్ సైన్యాల వెంట దక్కనుకు దిగారని మా పెద్దల మాట. సైన్యం ఆగిన చోటికి గింజలు చేర్చడం వాళ్ల పని. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు నడిచింది. తాండూరు, వికారాబాద్ ఆ దారిలోవే. ఎడ్ల బిడారు ఎన్నో రోజులు మోసే సరుకును రైలు ఒక్క రోజులో దించేసరికి లదేణికి గిరాకీ పోయింది. అదే కాలంలో, 1871లో, ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. దేశంలో చాలాచోట్ల మా వాళ్లను, అంటే బంజారాలను, ఆ జాబితాలోకి ఎక్కించారు. నిలకడగా ఒకచోట లేనివాణ్ని దొంగగా చూసిన చట్టం అది. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తొలగింది. వ్యాపారం పోయి, తిరుగుడు నేరమైపోయాక గుట్టల అంచున, ఎర్ర నేలల్లో తండాలు స్థిరపడ్డాయి. మా తండా కూడా అలాంటిదే.

ఇప్పుడు మళ్లీ వలస. మా దిక్కు పంట కంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ వానను నమ్ముకున్న పంట ఏడాదంతా తిండి పెట్టదు. నాపరాయి గనుల్లో, పాలిష్ యూనిట్లలో కొందరికి పని దొరుకుతుంది. కంది కోత అయ్యాక మిగిలినవాళ్లు తాండూరు స్టేషన్లో ముంబయి బండి ఎక్కుతారు. మా కాకా అలా పూణే పోయి భవన నిర్మాణ పనిలో చేరాడు. వాళ్ల పిల్లలు అక్కడే పుట్టారు, పిల్లల పిల్లలూ అక్కడివాళ్లే.

మా ఇంటిపేరు సబావత్. మా జాతిలో సబావత్‌లు చౌహాన్ గోత్రం కిందికి వస్తారు. పూణేలో హాజరు పుస్తకం రాసే మేస్త్రీకి సబావత్ నోరు తిరగలేదు, గోత్రం అడిగి ‘చవాన్’ అని రాసుకున్నాడు. పిల్లల బడిలోనూ అదే ఎక్కింది. ఇక్కడ మా అన్న కొడుకు ఆధార్‌లో సబావత్, అక్కడ కాకా మనవడు చవాన్. రేపు తాత పేరున ఉన్న భూమిని పట్టా చేసుకోవాలంటే ఇద్దరూ ఒకే తాత వారసులని ఏ కాగితం చెప్తుంది? కాకా మనవడు క్లాసులో నోరు జారి ‘యాడీ’ (అమ్మ) అన్నాడట, పక్కవాళ్లు నవ్వారట. అప్పటి నుంచి ఇంట్లో కూడా మరాఠీయే మాట్లాడుతున్నాడని మా కాకీ ఫోన్లో ఏడ్చింది.

బ్రిటన్లో ఐరిష్‌వాళ్ల చరిత్ర చదువుతుంటే నాకు ఈ కుటుంబమే కళ్ల ముందు కదిలింది. 1845లో ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టి కరువు వచ్చింది. దాదాపు 10 లక్షల మంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం విడిచారు. ఇంగ్లండ్‌లో కాలువలు తవ్వినవాళ్లలో, రైలు కట్టలు పోసినవాళ్లలో ఐరిష్ కూలీలు చాలామంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంకో అల వెళ్లింది. తెల్లవారకముందే లండన్‌లోని క్రికిల్‌వుడ్ రోడ్డు పక్కన నిలబడితే కాంట్రాక్టర్ల వ్యాన్లు వచ్చి ఎక్కించుకుపోయేవి. మన లేబర్ అడ్డా అచ్చం అంతే. 1974లో బర్మింగ్‌హామ్‌లో ఐరిష్ తీవ్రవాదులు పెట్టిన బాంబులు పేలి 21 మంది చనిపోయారు. దాంతో అక్కడి ఐరిష్‌వాళ్లందరినీ అనుమానంగా చూశారు. ఆ ఊళ్లో సెయింట్ పాట్రిక్ పండగ ఊరేగింపు ఆగిపోయింది, మళ్లీ 1996లో గానీ మొదలుకాలేదు. బజారులో యాస వినబడకుండా గొంతు తగ్గించి బతికిన తరం అది.

వాళ్లు చర్మం రంగులో తెల్లవాళ్లే కాబట్టి లెక్కల్లో విడిగా కనబడేవారు కాదు. పని దగ్గర, ఇళ్ల దగ్గర, పోలీసుల దగ్గర వాళ్లకు ఎదురైన వివక్షను మేరీ హిక్‌మన్, బ్రాన్‌వెన్ వాల్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో జాతి సమానత్వ కమిషన్ కోసం నివేదికగా రాశారు. 2001 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లో మొదటిసారి ‘ఐరిష్’ అని ప్రత్యేకంగా ఒక గడి పెట్టారు. ఆ ఏడు అందులో టిక్కు పెట్టినవాళ్లు 6 లక్షల 40 వేలకు పైనే. 2021 నాటికి ఆ సంఖ్య 5 లక్షల 7 వేలకు తగ్గింది. మొదట వెళ్లిన పెద్దలు రాలిపోతున్నారు, అక్కడే పుట్టిన పిల్లల్లో చాలామంది బ్రిటిష్ గడిలో రాసుకుంటున్నారు. గడి దొరికినంత మాత్రాన పిల్లలు అందులో ఉండిపోరు. ఈ సంఖ్యలు చూసి నాకు భయమేసింది.

అయితే ఐర్లండ్ దేశం వాళ్లకు ఒక తోవ తెరిచి పెట్టింది. నాయనమ్మో అమ్మమ్మో తాతో ఐర్లండ్‌లో పుట్టి ఉంటే చాలు, ఎక్కడ పుట్టిన మనవడైనా అక్కడి రిజిస్టర్‌లో పేరు రాయించుకుని పౌరుడు కావచ్చు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని బ్రిటన్ 2016లో ఓటేశాక ఆ పాస్‌పోర్టు కోసం ఎందరో తాతముత్తాతల ఊళ్లు వెతికారు. వెతకడం తేలిక కాదు. 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని రికార్డుల ఆఫీసు తగలబడి, అంతకు ముందు శతాబ్దం మొదటి సగంలోని జనగణన పత్రాలు చాలావరకు బూడిదయ్యాయి. మిగిలిన 1901, 1911 జాబితాలే ఇప్పుడు లక్షల కుటుంబాలకు ఆధారం.

మన దగ్గర నాయనమ్మ పుట్టిన ఊరు మనవడికి అంత దూరం తోడు రాదు. తెనాలిలో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో తండ్రితో బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రప్రదేశ్ జాబితా ప్రకారం ఎస్టీ. బొంబాయిలోనే చదివాడు. అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే ఇవ్వలేదు. ఆయన కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏమందంటే, కులం గుర్తింపు మూల రాష్ట్రానికి సంబంధించి ఇచ్చింది, మనిషి వలస పోతే అది వెంట రాదు అని. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తెగ వెనుకబాటు వేరని కోర్టు చెప్పిన కారణంలో న్యాయం ఉంది, కాదనను. కానీ పూణేలో పుట్టిన మా కాకా మనవడికి తాండూరు సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు, అక్కడి జాబితా సర్టిఫికెట్ తాత ఊరు చూపించమంటుంది. వలస కూలీ బిడ్డకు ఈ చిక్కు విప్పే దారి చట్టసభలే చూపాలి. అది నా చేతిలో లేదు.

నా చేతిలో ఉన్నది భాష. 2011 జనగణనలో లంబాడీ లేదా లమాణీ తమ మాతృభాష అన్నవాళ్లు 32 లక్షలు దాటారు. బంజారీ అన్నవాళ్లు ఇంకో 15 లక్షల పైచిలుకు. ఈ రెంటినీ వేర్వేరుగా రాసి, చివరికి రెంటినీ హిందీలో కలిపేశారు. తెలుగు, కన్నడ, మరాఠీ అని చెప్పేసిన ఇళ్లు ఆ లెక్కలోకే రాలేదు. ఈ భాషకు సొంత లిపి లేదు, ఏ రాష్ట్రంలో ఉంటే ఆ లిపిలో రాసుకుంటాం. ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. రాయడానికేముందిలే అనేవాళ్లకు నేను ఒక్క పుస్తకం చూపిస్తాను. రమేష్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. కథలు తెలుగువి, బతుకు తండాది. పెళ్లికూతురు పుట్టింటిని తలచుకుని దుఃఖంతో పాడే పాటను ఢావ్లో అంటారు. మా అమ్మ పెళ్లిలో పాడిందట. నా పెళ్లిలో నాకు రెండు ముక్కలే వచ్చాయి, మిగతాది మా నాయనమ్మ అందుకుంది.

వెనకటికి వంశాల పేర్లు గుర్తుపెట్టుకునే పని ఢాడీలది. తండాకు వచ్చి, ఎవరి తాత ఎవరు, ఎక్కడి నుంచి కదిలారు, ఏ గోత్రంతో వియ్యం కుదురుతుంది, ఏ గోత్రంతో కుదరదు అన్నీ పాడి చెప్పేవాళ్లు. మా తండాకు ఇప్పుడు ఢాడీ రావడం లేదు. అందుకే బడిలో పిల్లలతో ఒక నోట్‌బుక్ రాయిస్తున్నాను. గోత్రం, పాడ (గోత్రంలోని శాఖ), నాయనమ్మ పుట్టిన తండా, అమ్మమ్మ పుట్టిన తండా, పూణే, ముంబయి, హైదరాబాద్‌లలో ఉన్న చుట్టాలు, వాళ్లు అక్కడ ఏ ఇంటిపేరు వాడుతున్నారో. శ్రావణంలో తీజ్‌కు వలస పోయినవాళ్లు కొందరైనా వస్తారు. పెళ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోసే ఆ తొమ్మిది రోజులే నా పిల్లలకు పెద్దల దగ్గర కూర్చుని రాసుకునే అదను.

2027 జనగణనలో కులం కూడా లెక్కిస్తారు, మాతృభాష ఎప్పటిలాగే అడుగుతారు. జనాన్ని లెక్కించేది ఫిబ్రవరిలో. మా వాళ్లలో సగం మంది అప్పుడు పూణేలోనే ఉంటారు. మొన్న మా కాకా కోడలికి ఫోన్ చేసి, అడగడానికి వచ్చినాయన మరాఠీలో మాట్లాడితే మరాఠీలోనే జవాబు చెప్పు, మాతృభాష మాత్రం మనదే చెప్పు అన్నాను. ‘సరే వదినా, పేరేం చెప్పాలి? ఇక్కడందరూ బంజారీ అంటారు, మీరు లంబాడీ అంటారు, అత్తమ్మ గోర్ బోలీ అంటది’ అంది. మూడు పేర్లు చెప్తే మూడు ముక్కలవుతాం, 2011లో రెండు ముక్కలయ్యాం. అందుకే తాండూరు, చించోళి, పూణే సంఘాల పెద్దలకు ఉత్తరం రాశాను. తీజ్ లోపల కూర్చుని ఒక్క పేరు తేల్చండి, ఆ పేరు నేను ఇంటింటికీ తిరిగి చెప్తాను అని.