ప్రజల తోట, పల్లె తోపు

కుప్పములో రైలెక్కి చెన్నపట్నము సెంట్రల్ స్టేషనులో దిగు మన ప్రాంతపు ప్రయాణికులు, వెలుపల వాహనముల రద్దీని చూచి, ఆ ప్రక్కనే ఒకప్పుడు వంద ఎకరములకు మించిన ఉద్యానవనము ఉండెడిదని ఊహింపజాలరు. దాని పేరు పీపుల్స్ పార్కు, అనగా ప్రజల తోట. 1859-60 సంవత్సరములలో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ పురజనుల ఆరోగ్యము కొరకు, విశ్రాంతి కొరకు దీనిని తలపెట్టెను. కొలనులు, నడకబాటలు, కొంత కాలమునకు జంతు ప్రదర్శనశాల కూడ అందులో ఏర్పడినవి.

ఆ తోట ఎట్లు తరిగిపోయినదో పంచాయతీ సభ్యులు శ్రద్ధగా తెలిసికొనదగినది. దానిని ఎవరును దొంగిలింపలేదు. సభలు జరుపుకొనుటకు విక్టోరియా పబ్లిక్ హాలు వచ్చినది. 1900లో మూర్ మార్కెట్టు, 1913లో నగరపాలక సంస్థకు రిపన్ భవనము, తరువాత ఆటల మైదానము వచ్చినవి. వీటిలో ఏది అనవసరమని చెప్పగలము? అన్నియు ప్రజోపయోగకరములే. అయినను ఒక్కొక్క మంచిపనికి ఒక్కొక్క ముక్క చొప్పున ఇచ్చుచు పోగా తోట కరిగిపోయినది. మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి కాగా, ఆ స్థలమున రైల్వే భవనము వెలసినది. ఆ సంవత్సరమే జంతుశాల వండలూరుకు తరలినది. నేడు పాత తోటకు గుర్తుగా మై లేడీస్ గార్డెను అను చిన్న ఉద్యానము మిగిలినది.

అదే నగరములో త్యాగరాయనగరపు పానగల్ పార్కు కథ వేరు. కాళహస్తిలో జన్మించి, 1921 నుండి 1926 వరకు మద్రాసు ప్రభుత్వమునకు ముఖ్యమంత్రిగా నుండిన పానగల్ రాజా పేరు దానికి పెట్టిరి. 1920 ప్రాంతపు దశాబ్దములో ఆ పేటను నిర్మించినప్పుడు, ఇండ్ల నడుమ తోటకు చోటు ముందుగనే విడిచిరి.

పల్లెలకు పార్కులెందుకని కొందరు నవ్వుదురు. పార్కు అను మాట మనకు కొత్త గాని ఆ వస్తువు కొత్తది కాదు. చింతతోపు, రచ్చబండ మీది రావి, పశువులు నిలుచు మందబయలు మన పెద్దలు మనకు విడిచిన ప్రజల తోటలే. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి గారు తమ విద్యాలయమునకు చోటు వెదకినప్పుడు, ఆ సమీపపు లోయలో వారిని ఆకర్షించినది ఒక మహా వటవృక్షము. రిషీవ్యాలీ విద్యాలయము ఆ లోయలోనే వెలసినది. చెట్టు ముందు, బడి తరువాత!

పుంగనూరు పేరు దేశమంతట వినిపించుటకు కారణము అక్కడి పొట్టి ఆవు. మూడడుగుల ఎత్తు, కొద్దిపాటి మెట్టమేతతో సరిపెట్టుకొను స్వభావము దానివి. అంతరించు దశకు చేరిన ఈ జాతిని పలమనేరులోని పశు పరిశోధనా స్థానము కాపాడుచున్నది. పరిశోధనా స్థానము జాతిని కాపాడగలదు గాని, ఊరిలో మేతబీడు లేనిచో ఆవును కట్టివేయుటకైనను రైతుకు చోటేది?

ఈ విషయమున చట్టము పంచాయతీ పక్షముననే ఉన్నది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము 58వ సెక్షను ప్రకారము, ప్రభుత్వమునకు ప్రత్యేకముగా అవసరము లేని పోరంబోకులలో మేతబీళ్ళు, కళ్ళములు, శ్మశానములు, మందబయళ్ళు, బండిబాటలు, తోపులు గ్రామ పంచాయతీకి సంక్రమించును. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి వాటిని గ్రామమునకు తిరిగి అప్పగింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది.

ఆక్రమణదారుని గుర్తించుట సులభము. కష్టమైనది మన తీర్మానములనే పరిశీలించుకొనుట. తోపులో ఒక మూల అంగనవాడికి, మరొక మూల చౌకడిపోకు, ఇంకొక మూల నీళ్ళ ట్యాంకుకు కోరినప్పుడు కాదనుటకు నోరు రాదు. అట్టి కోరిక సభకు వచ్చిన నాడు, ఊరిలో వేరొక ఖాళీ స్థలము కలదా అని మొదట విచారింపవలెనని మా సూచన. సర్వేయరుచే కొలిపించి హద్దురాళ్ళు నాటించవలెను. చెట్ల లెక్క వ్రాసి ఉంచవలెను. చింతకాయల వేలము వలన ఏటేట పంచాయతీకి వచ్చు సొమ్మును ఆ లెక్క ప్రక్కనే చూపినచో, తోపు ఖాళీ జాగా కాదని సభ్యులందరికిని తెలియును.