వాయిదా తేదీ రాసిన కాగితం
కాలిఫోర్నియా చట్టం ఆ రాష్ట్రంలో నివసించే, 65 ఏళ్లు నిండిన వారిని వృద్ధులుగా పరిగణిస్తుంది. అలాంటివారిని కొట్టడం, వారి డబ్బు కాజేయడం, బాగోగులు చూడవలసినవారే తిండీ మందులూ ఇవ్వకపోవడం మాత్రమే కాక, ఫోన్లు, ఉత్తరాలు అందకుండా కావాలని అడ్డుకోవడం, చూడవచ్చినవారికి ‘ఇంట్లో లేరు’ అని అబద్ధం చెప్పి పంపేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేధింపే. వేధించేవారు దగ్గరకు రాకూడదని సివిల్ కోర్టు ఇచ్చే ఆదేశమే రిస్ట్రెయినింగ్ ఆర్డర్, అంటే నిరోధక ఉత్తర్వు. దానికి ఇఏ-100 అనే ఫారం మీద అర్జీ పెట్టుకోవాలి, కోర్టు రుసుము ఉండదు.

అర్జీ అందిన రోజునో, మరుసటి పనిదినానో న్యాయమూర్తి దానిని చూసి, తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తారు. అటుపైన విచారణ ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గదిలో జరుగుతుందో, తాత్కాలికంగా కోరినవాటిలో వేటిని మంజూరు చేశారో, వేటిని ఎందుకు నిరాకరించారో తెలిపే విచారణ నోటీసు, అంటే ఇఏ-109, వెలువడుతుంది. తెలుగునాట వాయిదా అనగానే వెనక్కి జరిగే తేదీ అన్న అర్థమే స్ఫురిస్తుంది గాని, ఇక్కడ చట్టం గట్టి గడువే పెట్టింది: విచారణ 21 రోజుల్లో, తగిన కారణముంటే 25 రోజుల్లో జరగాలి.

నోటీసు ఎవరినీ ఏ పనీ చేయవద్దని ఆదేశించదు, ఆ పని ఉత్తర్వుది. అయినా వ్యవహారమంతా దాని మీదే నిలుస్తుంది. తాత్కాలిక ఉత్తర్వు ఒక పక్షం మాట విని ఇచ్చినది కాబట్టి, రెండో పక్షానికి కబురు అంది, సమాధానం చెప్పుకొనే వ్యవధి దొరికే వరకు దీర్ఘకాలిక ఉత్తర్వు ఇవ్వడం సహజ న్యాయానికి విరుద్ధం. అందుకే న్యాయమూర్తి వేరే గడువు పెడితే తప్ప, విచారణకు కనీసం 5 రోజుల ముందు నోటీసును, అర్జీ ప్రతిని, తాత్కాలిక ఉత్తర్వు ఉంటే దానిని, సమాధానం రాసుకొనే ఖాళీ ఫారం ఇఏ-120ని ప్రతివాదికి స్వయంగా అందజేయాలి. టపాలో పంపితే చెల్లదు, అర్జీదారు తన చేతితో ఇచ్చినా చెల్లదు. ఉత్తర్వు రక్షణ కోరని, 18 ఏళ్లు నిండిన వ్యక్తి ఎవరైనా ఇవ్వవచ్చు. లేదా మన కోర్టుల్లో అమీనా చేసే ఈ పనిని అక్కడి షెరీఫ్ కార్యాలయం ఉచితంగా చేస్తుంది. ఇచ్చినవారు ఇఏ-200 మీద సంతకం చేస్తే అదే రుజువు. ప్రతివాది సమయానికి దొరకకపోతే ఇఏ-115 ద్వారా కొత్త తేదీ కోరవచ్చు.

కాగితం మీద సులువుగా కనిపించే ఈ పద్ధతి ఒకే కప్పు కింద బతికేవారి విషయంలో కఠినమైనది. ప్రతివాదిని ఇల్లు విడిచి వెళ్లమనే అధికారం న్యాయమూర్తికి ఉన్నా, ఆ ఇల్లు ప్రతివాది ఒక్కరి పేరునో, వృద్ధులకు భాగం లేకుండా ప్రతివాదితో పాటు ఇతరుల పేరునో ఉంటే ఆ అధికారం పనిచేయదు. పిల్లల దగ్గర ఉండేందుకు కాలిఫోర్నియాకు వెళ్లి, కొడుకూ కోడలూ కొనుక్కున్న ఇంట్లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ మినహాయింపు చిన్నది కాదు. నోటీసు ఆ ఇంటి గడప తొక్కేలోగా తలదాచుకొనే చోటు చూసుకోవలసింది వారే. మన దేశంలో 2007 నాటి చట్టం 60 ఏళ్లు నిండినవారికి ట్రిబ్యునల్‌ను చూపింది గాని, దాని చూపు ప్రధానంగా పోషణ భత్యం, ఆస్తి బదిలీల మీద నిలిచింది.

ఇంగ్లీషు రానివారికి కోర్టు ఉచితంగా దుభాషిని ఏర్పాటు చేస్తుంది. తెలుగు దుభాషి ప్రతి కోర్టులోనూ సిద్ధంగా ఉంటారనుకోలేం కనుక, తేదీ తెలిసిన వెంటనే ఐఎన్‌టీ-300 ఫారంతో కోరడం మేలు. విచారణ నాడు అర్జీదారు హాజరు కాకపోతే తాత్కాలిక ఉత్తర్వు సాధారణంగా ఆ రోజుతోనే ముగుస్తుంది. ప్రతివాది రాకపోతే మాత్రం, నోటీసు అందిన రుజువు ఫైలులో ఉన్నంత వరకు, న్యాయమూర్తి వారి పరోక్షంలోనే సాక్ష్యం విని 5 ఏళ్ల వరకు అమలయ్యే ఉత్తర్వు ఇవ్వవచ్చు.